నీలిపిడుగు కథలో కుక్క

మా చిన్నప్పుడు... బందరులో, చిలకలపూడి వైపు మేం అద్దెకున్న ఇంటి వసారాలో, నెలకోసారి ఒక తగువు జరిగేది. పేజీ ఎప్పుడు తిప్పాలి అని.

పుస్తకానికి ఒక అంచు నేను, ఇంకో అంచు పక్కింటి షాహీనా పట్టుకునేవాళ్లం. నెలనెలా వచ్చే బొమ్మల కథ అది... పేరు 'నీలిపిడుగు'. నాకు ఆత్రం ఎక్కువ. గబగబా మాటలు చదివేసి పేజీ తిప్పబోయేదాన్ని. తనేమో బొమ్మలో ప్రతి గీతా చూస్తేగానీ వదిలేది కాదు.

"ఉండవే... మబ్బులు చూడనీ" అనేది.

మబ్బుల్లో ఏముంటుందే తల్లీ అని నేను సణుక్కునేదాన్ని.

నీలిపిడుగు పగలంతా బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా, చంకలో సంచి, జనంతో చిల్లర గొడవలు. ఎవరికైనా ఆపదొస్తే బస్సు చాటుకెళ్లి వేషం మార్చేవాడు. వీపు మీద ఎగిరే ఆ నీలం గుడ్డని ఏమంటారో తెలియక మేం 'దుప్పటి' అనేవాళ్లం. అతను గుద్దితే పిడికిలి గడి దాటి పక్క బొమ్మలోకి వచ్చేసేది. 'ఫెళ్' అన్న అక్షరాలు కూడా పగిలిపోయి ఉండేవి. ఒక్కోసారి పేజీ మొత్తం మీద ఒక్క మాట ఉండేది కాదు... వానలో ఖాళీ బస్సు, దాని మెట్టు మీద తడిసి ముద్దయి కూర్చున్న అతనూ. అలాంటి పేజీ దగ్గర మాత్రం నేనూ తొందరపెట్టేదాన్ని కాదు.

ఇంకోటి ఉండేది... కుక్క. కథకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి, ఏదో ఒక మూల కనిపించేది. బస్సు కిందో, టీకొట్టు బల్ల కిందో. పక్కన మేడ కూలిపోతున్నా నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉండేది. ముందు దాన్ని వెతికి, ఆ తర్వాతే కథ మొదలుపెట్టేవాళ్లం. ఎప్పుడూ షాహీనాకే దొరికేది.

ఒక నెల కథ ఎక్కడ ఆగిందంటే... వేయి ముఖాల మాయావి నీలిపిడుగుని గుహలో గొలుసులతో కట్టేశాడు. 'మిగతా వచ్చే నెల' అని కింద రాశారు. ఆ నెలంతా మాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

తర్వాతి పుస్తకం షాహీనా వాళ్ల నాన్న, రహీం మావయ్య, బస్టాండు దగ్గర కొని సైకిలు మీద తెచ్చారు. ఆత్రంగా తెరిచాం. మొదటి పేజీలోనే నీలిపిడుగు బయటికి వచ్చేసి ఉన్నాడు. కానీ ముఖం వేరు. గడ్డం కోసుగా ఉంది. కండలు ఎక్కువయ్యాయి. దుప్పటికి మడతల్లేవు, ఇస్త్రీ చేసినట్టుంది. ఎంత వెతికినా కుక్క లేదు.

షాహీనా చాలాసేపు చూసి, మెల్లగా చెప్పింది. "వీడు వాడు కాదే. మాయావే వేషం మార్చుకుని బయటికొచ్చాడు. అసలు వాడు ఇంకా గుహలోనే ఉన్నాడు."

నేనూ నమ్మేశాను. బొమ్మలు ఎవరో మనిషి కూర్చుని వేస్తారని, ఆ మనిషి మారిపోవచ్చని మాకేం తెలుసు...

చిలకలపూడి పిల్లలం కదా, కొత్తవాడికి పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది. మా వీధంతా గిల్టు నగల పనే, మావయ్య పనీ అదే. 'రోల్డ్‌గోల్డ్ పిడుగు' అనేశాం.

"మా పనిని తిడతారేంటమ్మా... మెరుపులో ఏం తక్కువైంది?" అని నవ్వేవారు మావయ్య.

"మెరుపు సరే నాన్నా, కుక్కేది?" అనేది షాహీనా.

ఈ నెల గుట్టు బయటపడుతుంది, వచ్చే నెల పడుతుంది అని ఎదురుచూశాం. గుహలో ఉన్నవాణ్ని ఎవరూ తలుచుకోనే లేదు. ఇక ఆగలేక మా నాన్నగారిని అడిగాను. పేపరులోంచి తల ఎత్తకుండా, "బొమ్మలు వేసే ఆయన మారుంటాడులే. అంతే" అన్నారు.

అంతేనా... నాకు ఏడుపొచ్చింది. వెళ్లి షాహీనాకి చెబితే తను నమ్మలేదు. "మరి వాణ్ని గుహలోంచి ఎవరు విడిపించారంట? మీ నాన్నగారిని అది చెప్పమను" అంది.

ఆ వేసవిలోనే వాళ్లు ఊరు మారిపోయారు. సామానంతా వ్యానులోకి ఎక్కించాక షాహీనా పిట్టగోడ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "కుక్క కనిపిస్తే చెప్పవే" అంది. ఏ ఊరికి ఉత్తరం రాయాలో అడగాలని నాకు తోచలేదు, చెప్పాలని తనకీ తోచలేదు.

తర్వాత కొన్నాళ్లు ఒక్కదాన్నే చదివాను. పేజీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పుకోవచ్చు... అదే నచ్చలేదు. మానేశాను.

మొన్న గుడివాడలో పళ్ల డాక్టరు గారి దగ్గర కూర్చున్నాను. బల్ల మీద అట్ట ఊడిపోయిన పిల్లల పుస్తకం ఒకటుంటే ఊరికే తిరగేశాను. ఎవరో ముసలమ్మ గారెలు వండుతోంది. పక్కనే నులకమంచం. మంచం కింద... ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి.

పేజీ తిప్పాను. బావి పక్కన ఉంది. ఇంకోటి తిప్పాను. ఎడ్లబండి కింద ఉంది. పైన అవే మబ్బులు... ఈసారి నిదానంగా చూశాను.

నా పేరు పిలిచినట్టున్నారు, వినలేదు. నర్సమ్మ వచ్చి నా కళ్లు చూసి, "నొప్పి బాగా ఎక్కువగా ఉందాండీ?" అంది. అవునన్నాను.

ఇప్పుడు వచ్చే నెల దాకా ఆగాల్సిన కథంటూ ఏదీ లేదు. ఫోనులో వేలితో తోస్తే ఇంకోటి వస్తుంది. నేనూ తోస్తూనే ఉంటాను, ఆపేవాళ్లు లేరు. మిమ్మల్ని పేజీ తిప్పనివ్వని నేస్తం మీకూ ఉండే ఉంటుంది... ఉంటే ఆ పేరు కింద రాయండి, చదువుకుంటాను.

చిలకలపూడి రహీం గారి అమ్మాయి షాహీనా మీలో ఎవరికైనా తెలిస్తే, నా మాటగా ఒక్కటి చెప్పండి.

వాడు గుహలో లేడే... కుక్క కనిపించింది.