తొందర లేనివాళ్ల వరుస

సిక్స్టెన్ అర్వికా అనే ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లుగా కార్లు అమ్ముతున్నాడు. వాటిలో ఒక చిన్న కరెంటు కారును మాత్రం తాను అమ్మానని ఎప్పుడూ చెప్పుకోలేదు. అది దానంతటదే అమ్ముడుపోయేది. అతను చేసేదల్లా నోటు పుస్తకంలో పేరు రాసుకోవడమే.

షోరూం అద్దాల మీద పోస్టర్లన్నీ పెద్ద కార్లవే. ఊరి పత్రికలో అరపేజీ ప్రకటన వేస్తే, అందులోనూ మంచుదారిన దూసుకుపోయే పెద్ద కారే. చిన్నదాని బొమ్మ అగ్గిపెట్టెంతైనా ఎక్కడా కనిపించదు. జనవరిలో ఒకరోజు సిక్స్టెన్ ఉండబట్టలేక యజమాని ఇంగెమార్‌ను అడిగేశాడు.

"జనం దీనికోసమే వస్తున్నారు కదా, ఒక్క బోర్డైనా పెట్టవేం?"

"పెడితే ఏమవుతుంది? పది మంది వచ్చేచోట నలభై మంది వస్తారు. కంపెనీ మనకిచ్చేది ఏడాదికి తొమ్మిది. మిగతా ముప్పై ఒక్క మందికి కాఫీ పోసి పంపుతావా?" ఇంగెమార్ దాల్చినచెక్క బన్ను కొరికాడు. "పైగా దానిమీద కంపెనీకి మిగిలేదేం లేదు. సర్కారు పెట్టిన పొగ లెక్కలో పెద్ద కార్ల పాపం కడగడానికి ఎన్ని కావాలో అన్నే చేస్తారు. లేని సరుకుకు డప్పు కొట్టే వెర్రివాడెవడు? పెరట్లో పడున్నవాటికి కొట్టాలి గానీ."

అలా ఆ కారు గుట్టంతా సిక్స్టెన్ నోటు పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ పుస్తకమంటే అతనికి కాస్త గర్వం. మునిసిపాలిటీ పెద్ద ఫోన్ చేసినా, సొంత చెల్లెలు మూతి ముడుచుకున్నా, వరుస వరుసే. ఒక్క వెసులుబాటు మాత్రం తనే పెట్టుకున్నాడు. పేరు రాసుకునేటప్పుడు ఎంత తొందరో అడిగేవాడు. అత్యవసరమన్నవాళ్ల పేరు పక్కన చుక్క పెట్టి ముందుకు జరిపేవాడు. అది న్యాయమే అనుకున్నాడు. ఎవరికైనా అలాగే కనిపిస్తుంది కూడా.

ఫిబ్రవరిలో గున్వోర్ వచ్చింది. బడిలో అతనికంటే ఒక తరగతి పైన చదివింది. మూడు చర్చిల్లో ఆర్గన్ వాయిస్తుంది. మనిషి బాగా పొట్టి. పెద్ద కారులో కూర్చుంటే బయటికి ఆమె టోపీ తప్ప ఏమీ కనిపించదు.

"నీ పాత బండి ఏమైంది?" అన్నాడు సిక్స్టెన్.

"తనిఖీలో పోయింది. అడుగంతా తుప్పేనట. ఇక రోడ్డెక్కించొద్దన్నారు."

"అయితే ఎంత తొందర?"

"అబ్బే, నాకేం తొందర లేదు. వీలున్నప్పుడే చూడు. నాకంటే అవసరమున్నవాళ్లు ఎంతమందో ఉంటారు."

అతను ఆ మాటే పేరు పక్కన రాసుకున్నాడు. తొందర లేదు.

నవంబరు మొదట్లో సిక్స్టెన్ మేనత్త ఎల్సీ పోయింది. అడవిలో ఇరవై ఆరు కిలోమీటర్ల దూరాన ఉన్న ఉత్తరపు చర్చిలో అంత్యక్రియలు. పాట మొదలైంది. ఎక్కడా తప్పు దొర్లలేదు, దాంతోనే సిక్స్టెన్‌కు అనుమానం వచ్చింది. గున్వోర్ వాయించేటప్పుడు చరణం చివర ఒక్క క్షణం ఆగేది, ముసలివాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి. ఈసారి పాట ఆగలేదు. మేనత్త స్నేహితురాళ్లు దాని వెనక పరుగెత్తి పరుగెత్తి, మధ్యలోనే నోరు మూసుకున్నారు. తల తిప్పి చూస్తే ఆర్గన్ మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన నల్లటి స్పీకరు పెట్టె.

కాఫీల దగ్గర అతను పాస్టర్ తూవేను పట్టుకున్నాడు. ముప్పై దాటని అమ్మాయి, మాట దాచదు.

"గున్వోర్ ఏది?"

"వేసవంతా సైకిల్ మీద వచ్చింది పాపం. అక్టోబరులో దారి గడ్డకట్టాక మానేసింది. బస్సు ఎప్పుడో తీసేశారు కదా."

"ఎవరైనా దింపొచ్చుగా?"

"నేను తీసుకొస్తానన్నాను. ఎవర్నీ ఇబ్బంది పెట్టనంది. కారు వరుసలో ఉన్నానులే, వచ్చేస్తుంది అంది. మా కమిటీ ఆగేలా లేదు. క్రిస్మస్ ముందరి అడ్వెంట్ మొదటి ఆదివారానికి కూడా ఆమె రాకపోతే ఇక ఇక్కడ ఈ పెట్టెతోనే సరిపెడతారట. కొత్త ఏడాది నుంచి ఈ చర్చిలో ఆమె పనే ఉండదు."

సిక్స్టెన్ చేతిలోని కప్పు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

నల్ల సూటులోనే నేరుగా షోరూంకు వెళ్లి పుస్తకం తెరిచాడు. గున్వోర్ తర్వాత వచ్చినవాళ్లలో ఏడుగురికి కార్లు వెళ్లిపోయాయి. ఏడుగురి పక్కనా చుక్కలు. ఒక చుక్క పక్కన కారణం కూడా రాసుకున్నాడు, భార్య పుట్టినరోజు అని. అతనికి సిగ్గేసింది. తానేమైనా వేరే దేశం నుంచి ఊడిపడ్డాడా? పోయినేడు పన్ను నొప్పితో మూడు రోజులు ముద్ద దిగకపోయినా, డాక్టరుకు ఫోన్ చేసి నాకేం తొందర లేదన్నది తనే. ఆ మాటకు అర్థమేమిటో తెలిసీ, అక్షరాలా నమ్మేశాడు. ప్రకటన లేని కారును జనం వెతుక్కుంటూ వచ్చారు. నోరు విప్పని గున్వోర్‌ను మాత్రం తాను ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదు.

ఆ ఏడాదికి ఆఖరి కారు అడ్వెంట్ ముందు శుక్రవారం రావాల్సి ఉంది. దాన్ని ఇస్తానని అటవీ శాఖలో పనిచేసే రూబెన్‌కు మాటిచ్చాడు.

"వరుస మారుస్తావా? అదీ నువ్వు?" ఇంగెమార్ కళ్లజోడు తీసి చూశాడు.

"మార్చింది ఎప్పుడో. ఇప్పుడు సరిచేస్తున్నా."

రూబెన్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆమెకే ఇచ్చెయ్. నాకేం తొందర లేదు," అన్నాడు రూబెన్.

సిక్స్టెన్ ఫోన్ పెట్టెయ్యలేదు. "నిజం చెప్పు. ఉందా, లేదా?"

"మా ఆవిడ కారుంది. కొత్త కార్లు వచ్చేదాకా నాలుగు నెలలు అందులో ఆవిడ సణుగుడు వింటూ తిరగాలి. అంతే."

"సణుగుడని రాసుకుంటాను," అన్నాడు సిక్స్టెన్, నిజంగానే రాసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కారు తనే నడుపుకుంటూ గున్వోర్ ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో పారతో మంచు తోస్తోంది.

"ఎవరిదిది?"

"నీది."

"అప్పుడేనా? ఇంకెవరికైనా అవసరమేమో కనుక్కున్నావా?"

"ఇది నీకు వేసవిలోనే రావాల్సింది. ఏడుగుర్ని నీ ముందుకు తోశాను."

"తొందర లేదన్నది నేనే కదా. నీ తప్పేముంది?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "క్షమించడం తర్వాత చూద్దాంలే గున్వోర్. అడిగినదానికి జవాబు చెప్పు. నీకు కావాలా, వద్దా?"

ఆమె పార పక్కన ఆనించింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"కావాలి," అంది. ఆ మాట అలవాటు లేనిదానిలా ఆగి, మళ్లీ అంది. "చాలా కావాలి సిక్స్టెన్. ఆదివారం రేడియోలో చర్చి గంటలు మోగగానే కట్టేసి కూర్చున్నాను. మీ షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచాను. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు."

తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"ఆదివారానికి రెండు రోజులే ఉన్నాయి. వేళ్లు మొద్దుబారిపోయాయి, చర్చికెళ్లి సాధన చెయ్యాలి," అంటూ ఆమె ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది. కారు గేటు దాటి, అడవి దారి పట్టి, కనుమరుగైపోయింది.

జీవితంలో ఎవర్నీ ఇబ్బంది పెట్టని మనిషి, అతన్ని ఊరికి ఆరు కిలోమీటర్ల దూరాన మంచులో నిలబెట్టి, ఎలా వెళ్తావని కూడా అడగకుండా వెళ్లిపోయింది. సిక్స్టెన్ టోపీ చెవుల మీదికి లాక్కుని, ఎంతో సంతోషంగా నడక మొదలుపెట్టాడు.