సాంచెల సప్పుడు లేని చోటు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్రిజ్ మోత ఆగగానే, సిరిసిల్లలో నా మూడో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడొక వారమంతా మా సారు పాఠాలు బడి బయటే చెప్పారు. ఒకరోజు ఆకులు ఏరించి, కాగితాలకు అంటింపజేశారు. మరోరోజు మా నీడలు మా చేతే కొలిపించారు. ఆ తర్వాత ఊరి బయట పొలం గట్టు మీద కూర్చోబెట్టి, "కండ్లు మూసుకోండ్రి. ఏమేం ఇనవడుతున్నయో చెప్పుండ్రి" అన్నారు.

ఒకడు పిట్ట అన్నాడు. ఇంకొకడు మోటరు నీళ్లన్నాడు. నాకు భయమేసింది.

"సార్, నా చెవులు పోయినయ్!"

"నా మాట ఇనవడుతలేదా?"

"మీ మాట ఇనవడుతుంది. సాంచెల సప్పుడే ఇనవడుతలేదు."

మరమగ్గాలను మేం సాంచెలంటాం. అవి మా ముందు గదిలోనే ఆడేవి. ఆ టకటక లోకమంతా గాలిలా ఉంటుందనుకున్నాను.

సారు నవ్వలేదు. "ఈడ సాంచెలు లేవు బిడ్డా. ఇంకింత సేపు ఇను" అన్నారు.

విన్నాను. వరి ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

సాయంత్రం ఇంటికి పరుగెత్తాను. కరెంటు లేక బాపు తీరిగ్గా తెగిన పోగులు అతుకుతున్నాడు.

"బాపూ, ఇయ్యాల వరి సప్పుడు ఇన్న!"

"ఏంది బిడ్డా?"

మళ్లీ చెప్పాను. బాపు చెవి నా నోటి దగ్గరికి తెచ్చి, "జర గట్టిగ చెప్పు" అన్నాడు.

ఎప్పటిలాగే సాంచెల మోతకు వినపడలేదనుకుని, అరిచి చెప్పాను. ఆ పూట సాంచెలు ఆడడం లేదని నిన్నటిదాకా నాకు తట్టలేదు.