తలకిందుల పువ్వు

ముప్పై ఏళ్లుగా మస్కట్‌లో టైల్స్ వేస్తున్నాను. ఈ మధ్య మనుషుల పేర్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. మొన్నయితే వేరే కంపెనీ బస్సెక్కి అల్ మవాలే దాకా పోయాను. ఒక్కడూ ఎవరివని అడగలేదు, పైగా ఒకాయన చాయ్ కూడా తాగించాడు.

ఈ సంగతి మా సూపర్‌వైజర్ చెవిన పడింది. మా జగిత్యాల వైపు పిల్లాడే, నా వయసులో సగముంటాడు.

"నీ వీసా రెన్యూవల్ కాయితం నేనే రాయాలె కాకా. ఎట్ల రాయాల్నో సమజైత లేదు," అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడో రోజు నన్ను బౌషర్‌లో ఒక పాత విల్లాకు తీసుకెళ్లాడు. బాత్రూమ్ గోడ చెమ్మ పట్టింది, లోపల పైపు జాయింటు కారుతోంది. అదెక్కడుందో ఎవరికీ తెలీదు. గోడంతా పువ్వుల టైల్స్, ఇప్పుడవి దొరకవు. ఒక్కటి తప్ప రెండోది పగలగొట్టడానికి వీల్లేదని ఇంటావిడ చెప్పేసింది.

"గీ టైల్స్ నువ్వే ఏసినవట కాకా. జాయింటు యాడుంది?"

గుర్తొస్తే కదా! గోడ సంగతి అటుంచి, ఆ ఇల్లే నాకు కొత్తగా ఉంది.

"ఆగు, యాది చేసుకుంటున్న," అంటూ గంభీరంగా గడ్డం నిమురుకున్నాను. ఎంత నిమిరినా ఏమీ రాలలేదు.

అప్పుడు కనబడింది. సింకు కింద ఒక పువ్వు తలకిందులుగా ఉంది. అంతే, ఆ మధ్యాహ్నమంతా కళ్ల ముందుకొచ్చింది. జాయింటు పొడుచుకొచ్చి టైల్ కూర్చోకపోతే, గోడ చెక్కి చెక్కి విసుగొచ్చి ఎలా పడితే అలా అతికించేశాను. ఫోర్‌మన్ చూసి అరిస్తే "కడపాయన ఏసిండు" అన్నాను. నా పక్కన పనిచేసే ఆ కడప భాయ్ పాపం నోరెత్తకుండా తిట్లు తిన్నాడు. అంత మంచివాడి పేరు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

"గీ ఉల్టా పువ్వు ఎన్కనే ఉంది," అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

చెప్తే పనితనం పరువు పోతుంది, చెప్పకపోతే గుడ్డిగా అన్నాననుకుంటాడు, వీసా పోతుంది. "కడపాయన" అనే మాట మళ్లీ నోటిదాకా వచ్చింది. సిగ్గులేని నోరు, దానికి మాత్రం మతిమరుపు లేదు!

"నేనే ఉల్టా ఏసిన బిడ్డా," అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నాలుగు పక్కలా సందులు కోసి టైల్ పగలకుండా ఊడదీశాం. జాయింటు అక్కడే ఉంది, బొట్టు బొట్టు కారుతూ. ప్లంబర్ బాగుచేశాక, ఈసారైనా పరువు దక్కించుకుందామని పువ్వును సరిగ్గా తిప్పి పట్టుకున్నాను.

"ఉల్టానే పెట్టు కాకా! వచ్చే ఏడు మల్ల కారితే నీకెట్ల యాదికొస్తది?"

వచ్చే ఏడు అన్నాడు! నా కళ్లు చెమర్చాయి, వాడికి కనబడకుండా గోడవైపు తిరిగాను. లెవెల్ పెట్టి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, పువ్వును తలకిందులుగా అతికించాను.