పురుగంటే అసహ్యపడని మా మేడమ్

మేడమ్ పోయారని వాళ్ల చెల్లెలు పుంగనూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో పాఠం చెబుతున్నాను. "అక్క నిద్దర్లోనే పొయ్యిందమ్మా. రేపు పొద్దున మట్టి చేస్తాండాము. నీకు సెప్పకుండా యట్లా?" అన్నదామె. మదనపల్లెలో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో మేడమ్ మాకు జువాలజీ చెప్పారు. నేనిప్పుడు అదే సబ్జెక్టు చెప్పుకుని బతుకుతున్నాను.

మొదటి ప్రాక్టికల్ నాకు బాగా గుర్తుంది. కసాయి అంగడి నుంచి గొర్రె పేగు తెప్పించి ట్రేలో పరిచారు. కత్తెరతో చీలిస్తే లోపల తెల్లటి నాడాలాంటి బద్దెపురుగు. నేను చున్నీతో ముక్కు మూసుకున్నాను.

"యాల మూసుకుంటాండావు? అది దానింట్లో అది ఉండాది. పిలవకుండా పొయ్యింది మనమే," అన్నారు మేడమ్. పురుగును నీళ్లలో కడిగేటప్పుడు చంటిబిడ్డకు తలంటు పోసినంత మెల్లగా పోశారు. తర్వాత చేతులు కడుక్కుని, నిమ్మతొక్క రుద్దుకుని, పక్క గదిలో కూర్చుని పెరుగన్నం తిన్నారు. మాలో ఆ పూట ఒక్కరం కూడా టిఫిన్ డబ్బా తెరవలేదు.

మైక్రోస్కోపు కింద చూసే గాజు స్లైడు మీద పెట్టినదాన్ని దేనిలో నిలపాలి అన్నది ఆమెకు చాలా పెద్ద విషయం. మేం తొందరపడి ఏదో ఒక సీసా అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "ముందు ఇది సెప్పండి. దీన్ని ఎవురు సూడాల? ఎన్నాళ్లు సూడాల?" ఇవాళ్టికి చూసి పారేసేదైతే గ్లిజరిన్ చుక్క చాలు. ఎండితే ముడుచుకుపోయే మెత్తటి ప్రాణికి గ్లిజరిన్ జెల్లీ. మన తర్వాతివాళ్లు కూడా చూడాలంటే రంగు పట్టించి, ఆల్కహాల్‌లో కొంచెం కొంచెంగా నీరంతా లాగేసి, ఆఖరున కెనడా బాల్సమ్. అదొక చెట్టు బంక, తేనె రంగులో ఉంటుంది, పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. పురుగులో తడి మిగిలిందా, బంక పాలలా తెల్లబడి ఏమీ కనిపించదు. అందుకే ఆమె ఎవరినీ తొందరపెట్టేవారు కాదు. ఎవరైనా తొందరపెడితే ఊరుకునేవారూ కాదు.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా కాలేజీని తనిఖీ చేయడానికి కమిటీ వస్తోందన్నారు. కాలేజీ నడిపే కరస్పాండెంట్ ఎవరిచేతనో ఒక పెట్టెనిండా స్లైడులు చేయించి తెచ్చారు. పురుగు ముక్కలను తడితడిగానే ఆఫీసు గమ్ములో అద్ది, పైన గాజు అంటించి, అందమైన అక్షరాలతో పేర్లు వేయించారు. లోపల నీటి బుడగలు, గమ్ము చారలు. ఒకదాని మీద అప్పుడే బూజు లేచింది. అవి తనే తయారు చేయించానని మేడమ్ సంతకం పెట్టాలట.

మేడమ్ ఒక స్లైడును రెండు వేళ్ల కొసలతో ఎత్తి పట్టుకున్నారు. ఏ పురుగునూ ఆమె అట్లా పట్టుకోగా మేము చూడలేదు.

"ఇందులో ఏముండాది సార్?"

"ఏదో ఒకటి ఉంటుంది లెండి. వాళ్లు మూత తీసి చూస్తారు, మూస్తారు. మైక్రోస్కోపులో పెట్టి ఎవరు చూస్తారు మేడమ్?"

"ఈ బిడ్డలు సూస్తారు," అన్నారామె మా వైపు చూపించి. "వాళ్లకు బూజు సూపించి పురుగని సెప్పలేను. నేను పెట్టను."

కమిటీ వచ్చింది, మూత తీసింది, మూసింది. ఆ వారమే మేడమ్‌ను ల్యాబు నుంచి తీసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండానే ఆమె ఉద్యోగం మానేసి పుంగనూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. మేం ఇంకా అక్కడ చదువుతుండగానే, ఆమె చేసిన స్లైడులను బీరువాలో చోటు చాలదని ల్యాబు వెనక చెత్తలో పోశారు. ఆ గాజుముక్కలు మా చెప్పుల కింద నలిగిన చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పోయిన వారం ఆ కాలేజీలోనే సంతాపసభ పెట్టారు. గేటు దగ్గర మేడమ్ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆమె ముఖం కంటే కరస్పాండెంట్ ముఖం పెద్దది. "మేడమ్ మా ల్యాబుకు తల్లి," అని ఆయన మైకులో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ముందు వరుసలో ఉన్నవాళ్లు సమోసాలు నములుతూ తలలూపారు. ఇన్నేళ్లలో ఎన్ని పేగులు చీల్చానో, నాకెప్పుడూ అంత రోత పుట్టలేదు.

పాత విద్యార్థిగా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి మైకు అందుకున్నాను. "ఆ తల్లిని ల్యాబులోనించి యెళ్లగొట్టింది మీరే గదా సార్? ఆమె స్లైడులు చెత్తలో పోయించిందీ మీరే," అన్నాను.

మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. తల మీద ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. నేను మైకు బల్ల మీద పెట్టి, మిగతాది, ఆ సంతకం సంగతి కూడా, గొంతెత్తి చెప్పాను. వెనక వరుసల్లో పిల్లలు నమలడం ఆపి విన్నారు. చెప్పి బయటికి వచ్చి పుంగనూరు బస్సెక్కాను.

మేడమ్ చెల్లెలు నన్ను చూసి ఏడ్చి, కాఫీ ఇచ్చి, లోపలి గదికి తీసుకుపోయింది. "ఊర్లో ఆవులకు పట్టిన పిడుదులంతా ఈమెకే తెచ్చిస్తా ఉన్న్యారు. సచ్చేదాకా ఈ పురుగులతోనే సంసారం," అని ముఖం చిట్లించి కిటికీ వైపు చూపించింది. "ఆఖరున సేసింది అదే. దాన్ని తియ్యాలంటే నాకు సెయ్యి రావడం లేదమ్మా."

కిటికీ గట్టు మీద, దుమ్ము పడకుండా బోర్లించిన గాజు గిన్నె కింద, ఒకే ఒక్క స్లైడు. మధ్యలో ఎనిమిది కాళ్లూ చక్కగా పరిచిన చిన్న పిడుదు. గిన్నె ఎత్తి, అంచున వేలు ఆనించి చూశాను. బంక ఇంకా ఆరలేదు. వేలితో పాటు సన్నటి తేనెరంగు దారం పైకి లేచి, సాయంత్రపు ఎండలో కాసేపు మెరిసింది.