లిఫ్టాయన నడుము కొలత

"నలభై నాలుగు," అంది నర్సు, టేపు మీద వేలు పెట్టి, వార్డంతా వినపడేటట్టు.

ఆ అంకె టైలరమ్మకు కొత్తది కాదు. ఎవరైనా దాన్ని పైకి అనడమే కొత్త. మంచం మీద కూర్చున్న మొగుడు మాత్రం ఒంటికి అతికించిన వైర్లతోనే నవ్వేశాడు.

"మీ టేపు తప్పుగా ఉన్నట్టుందమ్మా. నాది ముప్పై రెండు. పెళ్ళినాటి నుంచీ అంతే. కావాలంటే మా ఆవిడనే అడగండి, టైలరు."

నర్సూ డాక్టరమ్మా ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. టైలరమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది.

ఆమెది ఇరవై రెండేళ్ళ వృత్తి. ఇంటి ముందు గదిలో ఒక మిషను, ఒక బల్ల, మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. కుట్టు నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పింది: "కొలత పుస్తకంలో రాసుకో, పైకి మాత్రం అనకు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది." టైలరమ్మ ఆ మాట తప్పలేదు. "ఏమ్మా, లావెక్కానా?" అని ఎవరడిగినా "అబ్బే, ఎప్పటిలాగే ఉన్నారు" అనేది. చెయ్యి మాత్రం నిజమే రాసుకునేది. బట్ట ఒంటికి చక్కగా కుదిరేది, మనిషి సంతోషంగా వెళ్ళేది. ఇందులో ఎవరికి నష్టం?

ఇక మొగుడి సంగతి. ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో ఆయన లిఫ్టు నడుపుతాడు. రోజుకు వందసార్లు పైకెక్కి దిగుతాడు, కాలు మాత్రం కదపడు. స్టూలు మీద కూర్చుని మీట నొక్కుతూ అందరి క్షేమాలూ అడిగే మనిషి, అందరికీ ఇష్టుడే. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ ఈయనకు అడక్కుండానే ఎనిమిది అంతస్తులూ పెట్టాయి. ఒకరి పుట్టినరోజు కేకు, ఇంకొకరి ప్రమోషను స్వీటు, మధ్యాహ్నం మీటింగులో మిగిలిన సమోసాలు, గంటకో టీ, టీ కప్పులో మూడు చెంచాల పంచదార. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఏదీ వద్దనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, "పొద్దుట్నుంచీ నేను తిన్నదేముందే? ఒక్కపూట భోజనం" అని కంచం ముందు కూర్చునేవాడు. తిలా పాపం తలా పిడికెడు.

అద్దంలో పొట్ట కనపడదా అంటారేమో. కనపడేది. అది గ్యాసని ఆయన నమ్మకం. దానికి సాక్ష్యం ఆయన ప్యాంటు. ఏ ఉదయమైనా గుండీ పట్టకపోతే, "ఉతికితే గుడ్డ బిగుసుకుపోయిందే, కాస్త చూడు" అని విప్పి ఇచ్చేవాడు. ఆమె వెనక కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలేది. అదీ అయిపోతే అదే రంగు పట్టీ అతికేది. కొత్తది కుట్టేటప్పుడు ముందే పెద్దది కత్తిరించేది. కొలతల పుస్తకంలో ఆయన పేజీలో మాత్రం ముప్పై రెండు అలాగే ఉండేది. ఎందుకు కొట్టేయలేదంటే, రోజంతా ఇనప పెట్టెలో కూర్చునే మనిషికి ఉన్న గొప్ప అదొక్కటే. "మా వయసు వాళ్ళలో నా నడుము చూపించమను" అని పదిమందిలో అంటుంటే ఆమెకూ ముచ్చటగానే ఉండేది.

మొన్న మంగళవారం లిఫ్టు చెడిపోయింది. ఎవరో ముసలావిడ సంచి పట్టుకుని ఆయన మెట్లెక్కాడు. మూడో అంతస్తు మలుపులో కూలబడ్డాడు.

"గుండెకు పోయే రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోతే తెరిచాం," అంది డాక్టరమ్మ. "రెండోది సగం మూసుకుంది. షుగరుంది. మందులు నేనిస్తాను. తిండి మాత్రం మీ చేతిలోనే ఉంది. కంచంలో సగం కూరగాయలు, తీపి బంద్, మధ్యలో చిరుతిళ్ళు బంద్. ఇంకోసారి ఇలా వస్తే నేను మాటివ్వలేను."

ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం టైలరమ్మ చెప్పినట్టే వడ్డించింది. ఉడికించిన బీన్సు, క్యారట్టు, కీరా ముక్కలు, ఒక గుడ్డు, పిడికెడంత అన్నం. ఆయన కంచం పక్కకు నెట్టాడు.

"లావుగా ఉన్నవాళ్ళకి చెప్పింది నాకెందుకే? వాళ్ళ టేపే తప్పయినప్పుడు వాళ్ళ పథ్యం ఒప్పా? గుండె అంటావా, అది మెట్లెక్కినందుకు." చూడ్డానికొచ్చిన ఆరో అంతస్తు వాళ్ళు ఇచ్చిన స్వీట్ల పెట్టె బల్ల మీదే ఉంది. దాని మూత తీశాడు.

ఈ మనిషి చచ్చిపోతాడు, నేను రాసిన అంకెను నమ్మి చచ్చిపోతాడు అనుకుంది టైలరమ్మ. ముందు గదిలోకి పరిగెత్తి ఆయన ప్యాంట్లు నాలుగూ, ఒక బ్లేడూ తెచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

ఆమె ఒక ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది. నడుము పట్టీ చీల్చింది. ఒక అతుకు బయటపడింది. దాని పక్కన ఇంకోటి. రెండో ప్యాంటు, మూడో ప్యాంటు. అతుకులన్నీ ఊడదీసి బల్ల మీద వరసగా పెట్టింది.

"గుడ్డ బిగుసుకోలేదండీ. నేనే వదులు చేశాను. ప్రతిసారీ నేనే. మీది నలభై నాలుగు."

ఆయన ఆ గుడ్డ ముక్కల్ని ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశాడు. నోట్లో పెట్టుకోబోయిన స్వీటు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఎన్నేళ్ళ నుంచి?"

"పద్దెనిమిది."

తిడతాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది. ఆయన చేతిలోని స్వీటు వైపు చూస్తూ అన్నాడు.

"మొదటిసారే చెప్పుంటే మానేసేవాణ్ణి కదే."

ఆ మాట ఆమె ఊహించలేదు. చెబితే బాధపడతాడనుకుంది, అలుగుతాడనుకుంది. మానేస్తాడని పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. స్వీటు పెట్టెలో పెట్టేసి, నెట్టిన కంచం ముందుకు లాక్కుని, చల్లారిన బీన్సు ఒక్కొక్కటే నమిలాడు.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టింది మాత్రం తిన్నాడు. టీలో పంచదార మానేసి మొహం చేదుగా పెట్టుకు తాగాడు. డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దునా సాయంత్రం వీధి చివరిదాకా నడిచొచ్చాడు. పలకరించడానికొచ్చిన వాళ్ళు ఏదైనా తెస్తే చేతులు జోడించి వెనక్కి పంపాడు. ఆ మొహమాటం వదిలించుకోవడం ఆయనకు బీన్సు తినడం కన్నా కష్టమైంది.

వారం తిరిగిన ఆదివారం పొద్దున్నే ఆయన ముందు గదిలోకి వచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. "కొలువు. పైకి చెప్పు."

ఆమె టేపు చుట్టింది. దారమంత కూడా తగ్గలేదు. తలెత్తి చూస్తే ఆయన చిన్నపిల్లాడిలా ఆశగా చూస్తున్నాడు. వారమంతా నోరు కట్టుకున్న మనిషి. ఒక్క అంగుళం తగ్గించి చెబితే ఎంత పొంగిపోతాడో ఆమెకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నలభై నాలుగే," అంది.

ఆయన భుజాలు దిగిపోయాయి. కుర్చీలో కూర్చుని ఆమె కళ్ళలోకి చూశాడు.

"నిజంగానే?"

"నిజంగానే అండీ."

"అయితే రేపు ఆఫీసుకి వెళ్తున్నాను కదా," అన్నాడు ఆయన, "ఎనిమిది అంతస్తుల సమోసాలకీ వద్దని చెప్పాలి. డబ్బాలో కీరా ముక్కలు ఇంకాస్త ఎక్కువే పెట్టు."