నోటీసులో కమెన్స్

మొన్న సాయంత్రం పేట్ బషీరాబాద్‌లోని మా అపార్ట్‌మెంటులో మనవరాలు హోంవర్కు చేసుకుంటూ, స్టార్ట్‌కూ కమెన్స్‌కూ తేడా ఏమిటని అడిగింది. రెండింటికీ అర్థం మొదలుపెట్టడమేననీ, బండిని స్టార్ట్ చేస్తాం గాని కమెన్స్ చేయమనీ, ఆ రెండోది ఆఫీసు కాగితాల మాట అనీ చెప్పాను. అంత బాగా ఎట్లా తెలుసు తాతా అని అది మెచ్చుకుంది.

నేను మేడ్చల్‌లో ఏడో తరగతి చదివేనాటికి మా ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుగు మీడియంలో చదివిన మన తరానికి ఆ వయసులో ఎంత ఇంగ్లీషు వచ్చేదో మీకు తెలియనిది కాదు. అయినా నాయినకు నా చదువంటే ఎంత గొప్పో, ఊళ్లో ఎవరింటికి కాగితం వచ్చినా నన్నే పిలిపించేవాడు. శామీర్‌పేట వైపు వేసే కొత్త రోడ్డు మా పొలం మీదుగా పోతుందని అందరికీ తెలుసు, హద్దురాళ్లు కూడా పాతేశారు, ఎప్పుడన్నదే తెలియదు.

వరి గింజ గట్టిపడుతున్న రోజుల్లో ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. వర్క్ తెలిసింది, మండే తెలిసింది, కమెన్స్ దగ్గర ఆగిపోయాను. తెలియదని చెప్పడానికి నామోషీ. కమ్ అంటే రావడం, మెన్ అంటే మనుషులు. సోమవారం మనుషులు వచ్చి పని సంగతి మాట్లాడతారని ధీమాగా చెప్పాను. ఎట్లాగూ వస్తారు కనుక కోతలయ్యేదాకా గడువు అడుగుదామని నాయిన ఊరుకున్నాడు. లేకుంటే ఉన్న వారం రోజుల్లో ఇంటిల్లిపాదీ దిగి, కాస్త పచ్చిగా ఉన్నా కోసుకునేవాళ్లం.

సోమవారం పొద్దున నాయిన ఉతికిన ధోతి కట్టి, నన్ను వెంటబెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మనుషులు వచ్చారు. వాళ్ల వెనకే బుల్డోజరు వచ్చింది.

“పది దినాలు ఆగుండ్రి సారూ. మాట్లాడనీకి వస్తరని కూసున్న,” అన్నాడు నాయిన.

“పని ఇయ్యాల్టి సంది మొదలని నోటీసుల రాసినం గద. సదివించుకోలేదా?” అన్నాడు ఆఫీసరు.

నాయిన నా వైపు ఒక్కసారి చూశాడు.

“సదివించుకున్న సారూ. నాకే సమజ్ కాలే.”

మధ్యాహ్నానికల్లా పైరంతా మట్టిలో కలిసింది. అమ్మ వంగి, నలగని కంకులు ఏరుతుంటే నేను గట్టు మీదే నిలబడ్డాను.

నాయిన నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. కాని ఆ తర్వాత ఏ కాగితమూ నా చేతికివ్వలేదు. నాకు గుమస్తా ఉద్యోగం వచ్చిన ఆర్డరును కూడా, నేను ఎదురుగా ఉండగానే తీసుకుపోయి, మందుల దుకాణం ఆయనతో చదివించుకుని వచ్చి, అప్పుడు అమ్మకు చెప్పాడు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు మింగగా మిగిలిన చెక్కలూ ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు, ఎంత పెద్ద నోటీసైనా చిటికెలో చదివేస్తారు. నోటీసు రావడానికే మాకు ఎక్కడా గుంట నేల లేదు.