కునిమత్సు గ్లవ్ చప్పుడు

మా రేవు బజారులో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఇళ్లలో నేలంతా పరిచే మందపాటి తతామి చాపలు కుట్టే కునిమత్సుకు ఓర్వలేనితనమట. చదువుకునే రోజుల్లో తనకు రాని పేరు ఇంకొకరికి వస్తుంటే చూడలేడట. పోయిన ఆదివారం పిల్లల బేస్‌బాల్ ఆటలో, గెలుస్తున్నప్పుడు మన జట్టుకు బంతులు విసిరే పిచర్ చిగుసాను దింపేసి జట్టును ఓడగొట్టింది అందుకేనట. పచ్చి అబద్ధం. వచ్చే శనివారం అతన్ని కోచ్‌గా ఉంచాలా, తీసెయ్యాలా అని పెద్దలు తేలుస్తారు. ఈలోగా ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది. ఇందులో ఉన్న ఇద్దరూ, కునిమత్సూ అతని పాత జట్టు స్నేహితుడూ, అంతా తెలిసి సరేనన్న తరువాతే రాస్తున్నాను.

అతని షెడ్డు నా కట్‌లెట్ల కొట్టుకు ఎదురుగానే. పొడవాటి సూదితో గుచ్చి, మోచేత్తో చాపను అదిమి, దారం బిగించి లాగుతాడు. ఆ మోచేయి కాయ కట్టి రాయిలా అయిపోయింది. ఆటకు ముందు అదే మనిషి పిల్లల మోచేతులను ఎంత మెత్తగా నొక్కి చూస్తాడో! "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అంటాడు. వాళ్లు లేదు లేదంటారు. అతను నమ్మడు.

ఆదివారం ఆట చివరికొచ్చేసరికి చిగుసా మోచేయి భుజం కంటే కిందికి జారడం మొదలైంది. బంతి వేసిన ప్రతిసారీ చేతిని వెనక్కి దాచి విదిలించుకుంటోంది. కునిమత్సు మైదానంలోకి నడిచి వెళ్లి అరచెయ్యి చాపాడు.

"బంతి ఇటివ్వమ్మా."

"నాకేం నొప్పి లేదు మావయ్యా!"

"రాకముందే ఇచ్చెయ్."

ఆ పిల్ల ఏడుస్తూ దిగింది. తరువాత వచ్చినవాడి బంతులను అవతలి జట్టు చితక్కొట్టింది. చిగుసా తండ్రి, మంగలి షాపు ఇవకిరి, అందరిలోనూ అరిచాడు: "చాపలు కుట్టేవాణ్ణి కోచ్‌ని చేస్తే జట్టు చేత చాప చుట్టించక ఇంకేం చేస్తాడు!" జనం గొల్లుమన్నారు. కునిమత్సు తల వంచి దణ్ణం పెట్టాడు.

పోనీ, ఊరుకునేదాన్నే. కునిమత్సుతో టీ తాగడానికి నా కొట్టుకు షిగేటో వచ్చినప్పుడు జరిగింది చూసి ఉండబట్టలేకపోయాను. షిగేటో హైస్కూల్లో పిచర్, కునిమత్సు అతని బంతులను గ్లవ్‌తో పట్టే క్యాచర్. షిగేటో ఇప్పుడు చేపల వ్యాను నడుపుతాడు. కుడిచెయ్యి చెవి దాకా లేవదు. ఎడం చేత్తో టీ తాగుతూ నవ్వాడు.

"మన రోజుల్లో చెయ్యి ఊడినా దిగేవాళ్లమట్రా! నా ఆఖరి ఆటలో నీ గ్లవ్‌లో బంతి ఎలా మోగింది! రేవులో పడవలవాళ్లకు కూడా వినపడిందట. ఈ పాపిష్టి చెయ్యే తట్టుకోలేకపోయింది గానీ..."

కునిమత్సు మొహం పాలిపోయింది. లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

షిగేటో వ్యాను కదలగానే వేడి కట్‌లెట్లు పళ్లెంలో పెట్టుకుని వెళ్లాను.

"సూటిగా అడుగుతున్నా. చిగుసాను ఎందుకు దింపావురా?"

అతను సూది పక్కన పెట్టాడు. కట్‌లెట్ ముట్టలేదు.

"మా కోచ్ గారు బెంచీ మీద కళ్లు మూసుకుని వినేవారు మామ్మా. బంతి పడ్డప్పుడు గ్లవ్ గట్టిగా మోగిందా, పిచర్‌లో సత్తువ ఉన్నట్టే. క్యాచర్లం మోగించడం నేర్చుకునేవాళ్లం, పిచర్‌కి హుషారొస్తుందని. ఆ ఆఖరి ఆటలో సగం కాకముందే షిగేటో బంతిలో జీవం పోయింది. పట్టేవాణ్ణి, నాకు తెలీదా? గెలవాలన్న పిచ్చి. ప్రతి బంతినీ గ్లవ్ గుంటలో సరిగ్గా పడేట్టు పట్టి, తుపాకీలా పేల్చాను. కోచ్ గారు తలూపుతూ వాణ్ణి ఉంచేశారు. ఆట ముగిసేసరికి వాడి మోచేయి పోయింది."

పళ్లెం అతని ముందుకు జరిపాను.

"ఈ మాటే శనివారం చెప్పెయ్. ఇవకిరి నోరు మూతపడుతుంది."

"అక్కడ షిగేటో కూడా ఉంటాడుగా."

"అంటే... ఇన్నేళ్లూ వాడికి చెప్పనే లేదా?"

కాయ కట్టిన మోచేతిని అరచేత్తో రుద్దుకున్నాడు.

"ఏమని చెప్పను మామ్మా? ఆ ఆటలో వాడికి మిగిలింది చప్పుడొక్కటే. అదీ వాడిది కాదని చెప్పనా?"